ఎడమ నుంచి మూడో స్ప్రింగు

గంతాయత్ గారి అంబాసిడర్ షెడ్డులోనే ఉంది.
ముందు సీటు మాత్రం రిక్షా ఎక్కి
పర్లాకిమిడి సగం చుట్టి మా వీధికొచ్చింది,
ఆసుపత్రివాళ్లు ఇంటికి తీసుకెళ్లిపొమ్మన్న మనిషిలా.

ముందు వాసన.
ఎలక, తడి పీచు, ఎవరిదో పాత తలనూనె.
కనకాంబ ముక్కుకి పవిట అడ్డం పెట్టుకుని
"నా మిషను మీద దీన్ని కుట్టవు గదా" అంది.
కుడతానని ఇద్దరికీ తెలుసు.

విప్పడానికి తొందర పనికిరాదు.
కుట్టు వచ్చిన దారినే వెనక్కి నడవాలి.
ఎంత చిరిగినా ఏ ముక్కా పారెయ్యకూడదు,
పాత తోలే కొత్త తోలుకి కొలత.
సుద్దతో ఒక్కోదాని మీదా రాసుకున్నాను:
వీపు, ఒడి, కుడి చెంప, ఎడమ చెంప.

రెక్సిను కింద దూది, దూది కింద కొబ్బరి పీచు,
పీచులో ఒక పావలా, పళ్లూడిన దువ్వెన,
వేరుశనగ తొక్కలు,
పసిపిల్ల గాజు ముక్క, ఆకుపచ్చది.
గంతాయత్ గారికి ఆడపిల్లల్లేరు.
బండి ఎవరి దగ్గర కొన్నారో నేను అడగలేదు.

పీచు కింద గోనె.
గోనె మీద ఊదారంగు పెన్సిలు రాత.
ఒడియా.

నేను చదివింది అవతల, పాతపట్నం బడిలో.
ఒడియా నా నోటికొచ్చు, కంటికి రాదు.
దూరం నుంచి మన గుండ్రాల్లాగే ఉంటాయి,
దగ్గరికెళ్తే మొహం తిప్పుకుంటాయి.

పక్కింటి మధుస్మిత ట్యూషన్ నుంచి వస్తూ
చెప్పులు విప్పకుండా గుమ్మంలోనే వంగి చదివింది.
ఆ పిల్ల ఒడియాలో చదివింది, నేను తెలుగులో విన్నాను:

దీన్ని విప్పే అన్నకి.
ఎడమ నుంచి మూడో స్ప్రింగు ఈ బండిది కాదు,
సినిమాహాలు కుర్చీది.
రేపే పెళ్లి, బండి కావాలన్నారు. తప్పు నాదే.
ఉద్ధవ మహారణా. డెబ్బై ఆరు, చైత్రం.

లెక్కపెట్టాను. ఒకటి, రెండు.
మూడోది మిగతావాటికన్నా అంగుళం పొట్టి.
దాని కింద చిన్న చెక్క పెట్టి ఎత్తు సరిచేశాడు.
ఆ చెక్కకి నాలుగు మూలలూ గుండ్రంగా అరగదీశాడు,
ఎవరి ఒంటికీ తగలదని తెలిసీ.

బరంపురం నుంచి తెచ్చిన కొత్త స్ప్రింగు సంచిలో ఉంది,
బిల్లుతో సహా.
తియ్యలేదు.

మిగతావాటికి కిరసనాయిలు, ఇత్తడి బ్రష్షు, రెండు రాత్రులు.
సుతిలీ లాగి ఎనిమిది వైపులా కట్టినప్పుడు
తీగ అరచేతిలోంచి మోచేతి దాకా మాట్లాడుతుంది:
చాలు, ఇంకొంచెం, చాలన్నాను గదా.
రెక్సిను మిరపపండు రంగు. మిట్టమధ్యాహ్నం డాబా మీద పరిచి
అది కాస్త మెత్తబడ్డాక గుంజాలి.
పద్దెనిమిదో నంబరు సూదులు రెండు విరిగాయి.
మూడోది నా గోరు దాటింది.
కనకాంబ పసుపు అద్దింది, మిషను గురించి మాత్రం ఒక్క మాటా అనలేదు.
అదే ఎక్కువ నొప్పి.

మూసేముందు కొత్త గోనె మీద నేనూ రాశాను:
మూడోదాన్ని అలాగే ఉంచాను.
కుడి చెంప పైపింగులో ఒక కుట్టు వంకర. అది నాది.
తర్వాత మధుస్మితని పిలిచి
పక్కనే ఒడియాలో కూడా రాయించాను.
ఎవరి చేతిలో పడుతుందో.
"సెల్ నంబరు కూడా రాయనా మామా?" అంది.
వద్దన్నాను.

రేపు పొద్దున్న రిక్షా వస్తుంది.
ఈ రాత్రికి సీటు మా అరుగు మీద.
ముగ్గురం కూచున్నాం, మధుస్మిత మధ్యలో.
ఎదురుగా సున్నం రాలిన గోడ,
దాని మీద ఓ బల్లి, కదలకుండా.

ఎక్కడికని ఎవరూ అడగలేదు.
కనకాంబ మాత్రం జుట్టు ముడేసుకుంది,
గాలికి చెదురుతుందేమోనని.